పద్నాలుగో స్క్రూ

3వ తేదీ, సోమవారం

ఈ రోజు మూడు ఆఫీసులు, మూడు ముసలి జిరాక్స్ మిషన్లు. మొదటిది కాగితం మింగి కక్కనంది. రెండోది కక్కింది గానీ నలిపి కక్కింది. మూడోది నకళ్ళ ఆఫీసులో ఉన్న పదిహేడేళ్ళది. దానికి మా షాపులో ‘అత్తగారు’ అని పేరు. ఎవరెంత సేవ చేసినా ఏదో ఒక వంక పెడుతుంది.

ఈ మోడల్ తయారీ మానేసి ఎన్నాళ్ళయిందో. విడిభాగాలు కావాలంటే షాపు వెనక గదిలో పడేసిన చచ్చిన మిషన్ల పొట్టలు విప్పాలి. చచ్చినదాని రబ్బరు రోలరు తీసి, గరుకు కాగితంతో రుద్ది, బతికున్నదానికి వేయాలి. అది నాలుగు వారాలు పనిచేస్తే గొప్ప. ఐదో వారం ఫోన్ చేసి “ఏం బాగు చేశావయ్యా?” అంటారు. మోకాళ్ళు మార్చగలను గానీ వయసు తగ్గించలేను కదా!

అత్తగారిని నడిపేది కాపీలక్క. పెద్దా చిన్నా అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. పదకొండేళ్ళుగా అదే మిషను, కిటికీ పక్కన అదే స్టూలు. నన్ను చూడగానే, “రండి డాక్టరుగారూ, మీ రోగి పొద్దుట్నించి ఒకటే దగ్గు. ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించాలి. అప్పటిదాకా దీన్ని బతికించండి చాలు,” అంది.

వెనక మూతకి పద్నాలుగు స్క్రూలు. విప్పినవి ఎన్నో బిగించినవి అన్ని ఉండాలన్నది మా గురువుగారు నేర్పిన మొదటి పాఠం. రోలరు మార్చి మూత పెట్టేసరికి పదమూడే ఉన్నాయి. టార్చి వేసి చూశాను, చేత్తో తడిమాను. ఈ మధ్య దగ్గర వస్తువులు అలుక్కుపోయినట్టు కనపడుతున్నాయి. బయట జనం, లోపల సూపరింటెండెంటు “అయిందా, అయిందా” అని. ఎక్కడో నేల మీద దొర్లిపోయి ఉంటుంది. నా డబ్బాలోంచి ఇంకోటి తీసి బిగించాను. మిషన్ బాగానే తిరుగుతోంది.

4వ తేదీ, మంగళవారం

పేపరు చేయి చాచి చదువుతుంటే మా ఆవిడ, “ఇంకాస్త ముందుకు పట్టుకోండి, ఎదురింటివాళ్ళు కూడా చదువుకుంటారు,” అంది. కళ్ళద్దాలు తెచ్చుకోమని ఇది ఇరవయ్యోసారి. మూతి ముడుచుకుని లేచిపోయాను.

5వ తేదీ, బుధవారం

గురువుగారు ఈ రోజు కూడా ఫోను దగ్గరే ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో మిషన్లన్నీ ఆయన చేతి మీదుగా నడిచాయి. చేతులు వణకడం మొదలయ్యాక ఓనరు ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫోన్ మోగితే “రాసుకున్నానండీ, పంపిస్తామండీ” అనడమే పని. ఓనరు నా వైపు చూసి, “నీకూ చూపు మందగిస్తోందా ఏంటి?” అన్నాడు నవ్వుతూ. “అబ్బే, డేగ కళ్ళండీ నావి,” అన్నాను. గురువుగారు తల ఎత్తలేదు.

6వ తేదీ, గురువారం

నకళ్ళ ఆఫీసు నుంచి ఫోన్. ప్రతి కాపీ మీదా పైనుంచి కిందిదాకా నల్ల గీత. సోమవారం సాయంత్రం వెంట్రుకంత ఉన్నది నిన్నటికి వేలంత మందం అయిందట. మూడు రోజుల్లో నాలుగు వందల పేజీలు ముద్ర వేసి జనానికి ఇచ్చేశారు. గీత సరిగ్గా అంకెల మీదుగా పోయింది. అన్నీ తిరిగొచ్చాయి, పై అధికారులు సంజాయిషీ అడిగారు.

మూత తీశాను. డ్రమ్ము చుట్టూరా లోతుగా గీరుకుపోయింది. కాగితం మీద అక్షరం పడేది ఆ డ్రమ్ము నుంచే, దానికి గోరు తగిలినా మచ్చే. ఇక పనికిరాదు. మిషన్ తలుపు లోపల వేలాడే కార్డులో తేదీ వేసి, కారణం దగ్గర ‘స్టేప్లర్ పిన్ను, నడిపేవారి అజాగ్రత్త’ అని రాసి సంతకం పెట్టాను. పిన్నుని అరచేతిలో పెట్టి సూపరింటెండెంటుకి చూపించాను.

7వ తేదీ, శుక్రవారం

పిన్ను దొరికిన మాట నిజమే.

8వ తేదీ, శనివారం

మా బావమరిది కూడా మా షాపులోనే మెకానిక్. టీ తాగుతూ, “పిన్ను అయితే ఒక్కచోట గీరి కాగితంతోపాటు బయటికొచ్చేస్తుంది కదా బావా? చుట్టూరా గీత ఎలా పడింది?” అన్నాడు. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. వాడు నవ్వి, “పోన్లే. కార్డులో మనం రాసిందే వేదం. ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాడికి ఎప్పుడూ అన్నీ వేళాకోళమే.

10వ తేదీ, సోమవారం

చచ్చిన మిషన్లోంచి తీసిన డ్రమ్ము వేయడానికి నకళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. సూపరింటెండెంటు ఏదో అడిగారు, చెప్పాను. తలనొప్పి. పెందలాడే పడుకుంటాను.

11వ తేదీ, మంగళవారం

ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు. దీనికి కూడా అబద్ధం చెప్పుకుంటే ఇక నేను ఎవడితో మాట్లాడుకోవాలి? రాసేస్తాను.

గురువారం మూత తీసినప్పుడు డ్రమ్ముకీ దాన్ని తుడిచే పలకకీ మధ్య ఇరుక్కుని నాకు దొరికింది స్క్రూ. సోమవారం పోయిన నా పద్నాలుగో స్క్రూ. దాన్ని జేబులో వేసుకున్నాను. పిన్ను నేల మీద, స్టూలు కాలి దగ్గర పడి ఉంది. ఏ ఆఫీసులో నేల మీద పిన్నులుండవు? వంగి తీసుకున్నాను. ఎక్కడ దొరికిందని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

అంతటితో ఆగినా ఒక రకం. నిన్న సూపరింటెండెంటు గది తలుపు బార్లా తీసే ఉంది. బయటి హాల్లో అందరూ పని ఆపి వింటున్నారు. కాపీలక్క బల్ల ముందు నిలబడి ఉంది. నన్ను పిలిచారు.

“సార్, పదకొండేళ్ళలో ఒక్క పిన్ను లోపలికి పోనివ్వలేదు నేను. ప్రతి కాగితం వేళ్ళతో తడిమి మరీ పెడతాను,” అంది. “ఆయన వచ్చి వెళ్ళిన సాయంత్రం నుంచే గీత మొదలైంది. అప్పుడే మీకు చూపించాను. సన్నగానే ఉందిలే, కానిచ్చెయ్ అన్నారు మీరు.”

సూపరింటెండెంటు మొహం గంటు పెట్టుకున్నారు. ఆ మాట ఆయన పైకి రాయాల్సిన సంజాయిషీలో పనికొచ్చే మాట కాదు.

“ఇంకోటి సార్. వెనక మూతకి ఉన్న స్క్రూలన్నీ తుప్పు పట్టినవి. రోజూ తుడిచేదాన్ని, నాకు తెలుసు. ఇప్పుడు అందులో ఒకటి తళతళా మెరుస్తోంది. పాతది ఏమైందో ఆయన్ని అడగండి.”

“ఏమయ్యా? స్క్రూ మార్చావా మొన్న?” అన్నారాయన.

హాల్లో ఆరుగురు నా వైపే చూస్తున్నారు. ఓనరు కళ్ళలో మెదిలాడు, ఆ ఫోను కుర్చీ మెదిలింది.

“అది ఏడాది కిందట మార్చిందండీ,” అన్నాను. “ఆవిడ ఇప్పుడు గమనించినట్టున్నారు.”

ఎవరో కిసుక్కుమన్నారు. సూపరింటెండెంటు, “చూశావామ్మా? తప్పు చేసి పైగా పెద్దాయన మీద తోస్తావా? అబద్ధాలు కూడా నేర్చావు,” అన్నారు. కాపీలక్క నా వైపు తిరిగి చూసింది. నేను పనిముట్ల సంచి జిప్పు సరిచేసుకున్నాను, అది సరిగ్గానే ఉంది.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళని చూసి ఇన్నాళ్ళూ నవ్వాను. సిగ్గుగా ఉంది. నాకంటే చిన్నది, నన్ను డాక్టరుగారూ అని పిలిచేది.

13వ తేదీ, గురువారం

ఆవిడని ఇక రావద్దన్నారట. ‘అజాగ్రత్త, అబద్ధం’ అని ఫైలులో రాశారట. 28న కాంట్రాక్టుల కాగితాల మీద సంతకాలు. ఈ ఫైలుతో ఆవిడది పొడిగించరు. ఇదంతా బావమరిది చెప్పాడు. వాడు ఈసారి నవ్వలేదు.

14వ తేదీ, శుక్రవారం

సంచి తెరిస్తే స్క్రూడ్రైవర్ల మధ్య కళ్ళద్దాల పెట్టె. మా ఆవిడ పెట్టింది. “నా సంచి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. తను వంటింట్లోకి వెళ్ళింది. తేలు కుట్టిన దొంగ కూడా నాకంటే నయం, వాడు కనీసం నోరు మూసుకుని ఉంటాడు.

17వ తేదీ, సోమవారం

బీమా ఆఫీసులో కాగితం ఇరుక్కుందంటే వెళ్ళాను. అక్కడ మిషన్ నడిపే అమ్మాయి నేను సంచి దించకముందే కాగితాల కట్ట తెచ్చి నా ముందు ఒక్కొక్కటే తిప్పింది. “చూసుకోండి అన్నయ్యా. ఒక్క పిన్ను లేదు. తర్వాత నా పేరు రాయకండి.”

“నేనెందుకు రాస్తానమ్మా?” అన్నాను.

“మీరు రాస్తారని కాదు, ముందుజాగ్రత్త,” అంది గానీ, కట్ట ఆఖరుదాకా తిప్పింది. ఎనభై కాగితాలుంటాయి. అన్నీ అయ్యేదాకా నిలబడి చూశాను. ఊళ్ళో మిషన్లు నడిపేవాళ్ళందరికీ కబురు అందినట్టుంది.

19వ తేదీ, బుధవారం

కాపీలక్క ఉండే వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను.

20వ తేదీ, గురువారం

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తిరిగొచ్చాను. ఈసారి అక్కడో కొట్లో అక్కర్లేని సబ్బు కొన్నాను.

21వ తేదీ, శుక్రవారం

చెప్పేశాను! సూపరింటెండెంటు భోజనం చేసి వచ్చేదాకా కాపు కాసి, గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, “సార్, ఆ స్క్రూ నాదే,” అన్నాను.

ఆయన పళ్ళు కుట్టుకునే పుల్ల పక్కన పెట్టి, “ఇప్పుడెందుకయ్యా తవ్వుకోవడం? నా సంజాయిషీ పైకి వెళ్ళిపోయింది. ఇది బయటపడితే నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. మిషన్ పనిచేస్తోందిగా? వెళ్ళు,” అన్నారు.

నా వంతు నేను చేశాను. ఆయన వద్దంటే నేనేం చేయగలను? రెండు వారాల తర్వాత ఈ రోజు ఆకలేసింది.

22వ తేదీ, శనివారం

మా ఆవిడకి మొత్తం చెప్పాను. నిన్న సూపరింటెండెంటుకి చెప్పేశానని కూడా చెప్పాను, మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

తను చేస్తున్న పని ఆపకుండా, “తలుపు వేసుకుని చెప్పారా?” అంది.

“ఊఁ.”

“ఆవిడని అబద్ధాలకోరు అన్నప్పుడు తలుపు తీసే ఉందన్నారు కదా?”

నేను కళ్ళద్దాల పెట్టె మూత తీసి మూశాను. “కళ్ళు కనపడకపోవడం తప్పు కాదండీ,” అంది తను. “ఇన్నేళ్ళలో మీ గురించి నేను ఎవరి ముందూ తల దించుకోలేదు. ఇప్పుడు ఆవిడ ఎదురుపడితే నేనే పక్క సందులోకి తప్పుకోవాలి.”

23వ తేదీ, ఆదివారం

వెళ్ళాను. రెండో అంతస్తు, మెట్ల పక్క గది. కాపీలక్క గుమ్మంలో కూర్చుని దిండు గలీబులకి అంచు కుడుతోంది. లోపల మంచం మీద వాళ్ళ నాన్న. “ఎవరమ్మా?” అన్నాడాయన. “మిషన్లు బాగుచేసే ఆయన నాన్నా,” అంది. డాక్టరుగారు అనలేదు.

కూర్చోమనలేదు. నిలబడే, దారిలో కూడబలుక్కున్నవన్నీ మొదలుపెట్టాను. స్క్రూ సంగతి, జేబులో వేసుకున్న సంగతి.

“నాకు తెలియనిది ఏదైనా ఉంటే చెప్పండి,” అంది సూది ఆపకుండా.

“పిన్ను కూడా మిషన్లోది కాదమ్మా. అది...”

“నేల మీద తీశారు. స్టూలు దగ్గర. వంగడం చూశాను.”

“చూశావా? మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? ఆయన వంగారు, నేను చూశాను అంటే నమ్ముతారా? స్క్రూ అయితే కళ్ళకి కనపడేది, వెళ్ళి చూసుకోవచ్చు. దాన్నే ఒక్కరూ లేచి వెళ్ళి చూడలేదు. మీ నోట్లోంచి మాట వచ్చేసరికి సరిపోయింది.” దారం పళ్ళతో తెంపింది. “మూడో తారీఖున మీరు నన్ను పిలిచి, స్క్రూ పోయింది, వెతుకుదాం అక్కా అని ఉంటే నేనూ వెతికేదాన్ని. నా కళ్ళు బాగానే ఉన్నాయి.”

క్షమించమన్నాను. దండం పెట్టాను.

“ఇక్కడ మా నాన్న ఒక్కడే ఉన్నాడు, ఆయన నేను అబద్ధాలకోరునని ఎప్పుడూ అనుకోలేదు,” అంది. “అక్కడ చెప్పండి. ఆ హాల్లో. ఆ రోజు విన్నవాళ్ళందరి ముందూ. మీరు ఏ రోజంటే ఆ రోజు నేనూ వచ్చి నిలబడతాను.”

రేపే అన్నాను.

24వ తేదీ, సోమవారం

ఓనరు ఊరి అవతలి కాలేజీకి పంపాడు. నాలుగు మిషన్లు. వీలు కాలేదు.

25వ తేదీ, మంగళవారం

వీలు కాలేదు.

26వ తేదీ, బుధవారం

ఈ రోజు వీలైంది. వెళ్ళలేదు.

27వ తేదీ, గురువారం

ముందు ఓనరుకి చెప్పాను. ఆయన “స్క్రూ పడేయడం కాదురా, అది ఎవరికైనా జరుగుతుంది. నువ్వు రేపు అక్కడికెళ్ళి నోరు విప్పావంటే మన షాపు రాసిన ప్రతి కార్డునీ జనం అనుమానిస్తారు. వెళితే మాత్రం ఇక సంచి పట్టుకోవద్దు. గురువుగారి పక్కన ఇంకో కుర్చీ వేయిస్తా,” అన్నాడు.

గురువుగారు ఫోను పక్కన పెట్టి, “నేను కాస్త జరుగుతాలే,” అన్నారు. వేళాకోళమో కాదో తెలియలేదు. కాపీలక్కకి కబురు పంపాను, రేపు పదకొండింటికని.

28వ తేదీ, శుక్రవారం

ముందు జరిగినదాని ఫలితం రాసేస్తాను, మిగతాది రాయడానికి చెయ్యి రావడం లేదు. కాపీలక్క కాంట్రాక్టు మీద సంతకం అయింది. సోమవారం నుంచి వస్తుంది. ఆ ఆఫీసుకి ఇక వేరే మెకానిక్‌ని పంపమన్నారు. నాకు కుర్చీ వేశారు.

పదకొండింటికి వెళ్ళేసరికి ఆవిడ హాల్లో, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడి ఉంది. నేను సూపరింటెండెంటుని బయటికి రమ్మని అడిగాను. ఆయన నన్ను చూసి కళ్ళతోనే వద్దన్నారు. ఆరుగురూ తలలెత్తారు. “ఆ స్క్రూ గురించి ఒక మాట చెప్పాలండీ,” అన్నాను.

“ఏ స్క్రూ?” అన్నాడు ముద్రలు కొట్టే గుమస్తా.

వాళ్ళు మర్చిపోయారు! నేను పద్దెనిమిది రోజులుగా సరిగ్గా తినలేదు, పడుకోలేదు, ఆవిడ ఇంట్లో కూర్చుని గలీబులు కుట్టింది. వీళ్ళకి ఏ స్క్రూ అన్నది కూడా గుర్తులేదు. ఒక్క మాటలో తేల్చేద్దామనుకుని వెళ్ళినవాణ్ణి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. గీత పడింది కదా, ఈవిడని మానిపించారు కదా, ఆ రోజు ఈవిడ ఒక మాట అంది కదా అని, ఒక్కొక్కటే గుర్తుచేస్తూ. చెవులు కాలిపోతున్నాయి.

“స్క్రూ లోపల పడింది నా చేతిలోంచే. ఆవిడ తప్పు లేదు. నా వల్ల పొరపాటు జరిగింది,” అని ముగించాను.

సూపరింటెండెంటుకి ప్రాణం లేచొచ్చినట్టుంది. “సరే, పొరపాటే కదా. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. మెకానిక్ పొరపాటు అని రాసి ఫైలు మూసేద్దాం,” అని కలం తీశారు. నేనూ తలూపాను. సంచి భుజాన వేసుకున్నాను కూడా.

“సార్, ఒక్క నిమిషం,” అంది కాపీలక్క. “ఆ మూల పెద్దాయనకి వినపడలేదు. మెకానిక్‌గారు మళ్ళీ చెప్తారు.”

హాలు చివర బీరువా పక్కన ముసలి టైపిస్టు కూర్చుని ఉన్నాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు, చెవుడు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆయన దగ్గరికి నడిచాను. మొదటిసారి ఏం చెప్పానో నడుస్తూ గుర్తుచేసుకున్నాను. అందులో ఒక్కటీ తప్పు మాట లేదు, ‘పిన్ను దొరికిన మాట నిజమే’ అని ఈ నోటుబుక్కులో రాసుకున్నప్పటిలాగే.

సంచి నేల మీద పెట్టాను.

“స్క్రూ నాది. అది దొరికితే జేబులో దాచేశాను,” అన్నాను గట్టిగా. “పిన్ను నేల మీద తీసి చూపించాను. కొత్త స్క్రూ ఏడాది కిందటిదని చెప్పాను. అది అబద్ధం. నేను అబద్ధం చెప్పానని నాకు తెలుసు, ఆవిడ నిజం చెప్తోందని కూడా తెలుసు. తెలిసే చెప్పాను.”

ముసలాయన నా మొహంలోకి చూశాడు. తర్వాత చెవిటివాళ్ళకి అలవాటైనట్టు హాలంతా వినపడేలా అడిగాడు.

“అంటే ఆ రోజు ఆ పిల్ల చెప్పింది నిజమేనా?”

“నిజమేనండీ,” అన్నాను, ఆయనకి వినపడేలా.